దిష్టిచుక్క తుడిచాకే స్కాన్

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. కాకినాడలో ఇంజనీరింగు, హైదరాబాదులో ఎంటెక్ చేశాను. రెండేళ్లుగా స్కాన్ చిత్రాలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పుడు లండన్‌లో శిశువుల మెదడు ఇమేజింగ్ మీద పీహెచ్‌డీకి సీటు వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. "పాలు తాగే పసిగుడ్డును ఆ సొరంగంలో పెడతావా, ఉసురు తగులుతుందే" అంటోంది మా అమ్మమ్మ. నాన్న బాధ వేరు. "చేతికి వచ్చే జీతం వదులుకుని, నాలుగేళ్లు పోయి పిల్లల తలకాయల ఫొటోలు తీస్తే ఎవరికి లాభం?" అంటున్నారు. నాకూ లోపల రెండు భయాలున్నాయి. ఈ స్కాన్ల వల్ల పిల్లలకు నిజంగా హాని లేదా? రెండోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇంటికి ఒక్కదాన్నే కావడంతో ఇప్పటివరకు నెలల పిల్లను చేతుల్లోకి తీసుకున్నది లేదు. ఎవరైనా పాప ఏడిస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. నేను ఈ పనికి పనికొస్తానా? ఈ నెలాఖరులోగా వాళ్లకు ఏ సంగతో చెప్పాలి.

సమాధానం: చివర్లో సిగ్గుపడుతూ అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీ ఉత్తరంలో నన్ను కదిలించింది అదే.

నేను ఈ పనిలోకి వచ్చి 19 ఏళ్లు. వచ్చేనాటికి నాకూ కంప్యూటర్ తప్ప మరొకటి తెలియదు. మొదటి రోజు ఏదో సర్వర్ పాస్‌వర్డ్ ఇస్తారనుకుని వెళ్తే, జుట్టు నెరిసిన నర్సు ఒకావిడ రబ్బరు బొమ్మనూ పలుచటి దుప్పటినీ నా చేతిలో పెట్టి, చుట్టమంది. చుట్టాను. బొమ్మ చెయ్యి బయటికి వచ్చేసింది. విప్పి మళ్లీ చుట్టమంది. పదకొండోసారికి గానీ ఆవిడ తల ఊపలేదు. బొమ్మ ఏడవదు కనుక ఆ పూటకు పరువు దక్కింది. నిజం పాపను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు నా మోచేతులు వణికాయి. ఆ సంగతి పాపకు వెంటనే తెలిసిపోయి ఏడుపు లంకించుకుంది. మూడో నెలకల్లా వణుకు పోయింది. మీకూ పోతుంది. మన ఇళ్లలో పిల్లను ఎత్తుకోవడం ఆడపిల్లకు పుట్టుకతో వచ్చే విద్య అన్నట్లు మాట్లాడతారు, రాకపోతే సిగ్గుపడాలన్నట్లు చూస్తారు. మా బృందంలో పిల్లల్ని అందరికన్నా త్వరగా నిద్రపుచ్చేవాడు ఆరడుగుల భౌతికశాస్త్రవేత్త. పెళ్లి కూడా కాలేదు. అతను నేర్చుకున్నాడు, అంతే.

ఇక పని ఎలా ఉంటుందో చెబుతాను. పరిశోధన కోసం తీసే స్కాన్‌లో పసిపిల్లలకు మత్తు ఇవ్వరు. అమ్మమ్మగారికి మొట్టమొదట ఇదే చెప్పండి. ఆసుపత్రిలో జబ్బేమిటో తేల్చడానికి తీసే ఎమ్మారైలో, బిడ్డ కదలకుండా ఉండేందుకు నిద్రమందు ఇవ్వవలసి రావచ్చు. అక్కడ ఆ చిత్రం వల్ల ఆ బిడ్డకే మేలు. మనం తీసే చిత్రం వల్ల ఆ బిడ్డకు నేరుగా ఒరిగేది ఏమీ లేదు. కాబట్టి మందు పట్టే హక్కు మనకు లేదు. మిగిలిన దారి ఒక్కటే. కడుపునిండా పాలు పట్టించి, పొత్తిళ్లలో చుట్టి, నిద్రపోయేదాకా కాచుకుని కూర్చోవడం. కోట్ల రూపాయల యంత్రం పాపాయి కునుకు కోసం ఎదురుచూస్తుంటుంది. యంత్రం అద్దె గంటల లెక్కన పడుతుంటుంది. పాపకు ఆ లెక్క పట్టదు.

తల్లి వచ్చాక ముందు జరిగేది తనిఖీ. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. గౌను వెనక నొక్కుడు గుండీలు, మొలతాడుకు కట్టిన వెండి మువ్వ, చేతి మురుగులు, నల్లపూసల మధ్య చిన్న బంగారు గుండు, అన్నీ తీయాలి. తెలుగు కుటుంబాలు వస్తే నన్ను పిలిచేవారు, మొలతాడు ఒకటి ఉంటుందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కనుక. ఒకసారి దిష్టిచుక్క దగ్గర చిక్కు వచ్చింది. కొన్ని కాటుకల్లో లోహపు పొడి ఉంటుంది, ఆ చోట చిత్రం వంకర పోతుంది. బుగ్గ మీది చుక్క తుడుస్తామంటే పాప నానమ్మ ఒప్పుకోలేదు. ఇంతమంది కొత్తవాళ్లు పాపను కళ్లప్పగించి చూసే చోటే కదా చుక్క కావలసింది అని ఆవిడ వాదన. నా దగ్గర జవాబు లేదు. చివరికి రాజీ కుదిరింది. స్కాన్ గది తలుపు దాకా చుక్క ఉంటుంది, లోపలికి తీసుకెళ్లే ముందు ఆవిడే తుడుస్తుంది, బయటికి రాగానే ఆవిడే మళ్లీ పెడుతుంది. అనుమతి పత్రంలో రాయని షరతు అది. దాన్ని ఇద్దరం తు.చ. తప్పకుండా పాటించాం.

తరువాత చెవులు. ఎమ్మారై యంత్రం చేసే చప్పుడు 100 డెసిబెల్స్ దాటగలదు. లండన్‌లో డెవలపింగ్ హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు అని పెద్ద అధ్యయనం జరిగింది. కింగ్స్ కాలేజ్, ఇంపీరియల్ కాలేజ్, ఆక్స్‌ఫర్డ్ కలిసి చేశాయి. అందులో అప్పుడే పుట్టిన పిల్లల చెవులకు దంతవైద్యులు పళ్ల అచ్చు తీయడానికి వాడే మెత్తటి ముద్ద పెట్టారు. దాని మీద అంటుకునే చిన్న మూతలు, వాటి పైన చప్పుడు ఆపే గుల్ల. పాపను గుడ్డలో చుట్టి, గాలి లాగేస్తే ఒంటి ఆకారానికి సర్దుకుని బిగుసుకునే సంచిలో పడుకోబెట్టారు. వీటన్నిటికన్నా నాకు నచ్చింది మరొకటి. యంత్రం ఒక్కసారిగా దడదడమంటే నిద్రపోయే పాప ఉలిక్కిపడుతుంది. అందుకని చప్పుడు కొన్ని సెకన్లపాటు మెల్లగా పెరిగేలా యంత్రం నడకనే మార్చి రాశారు. ఆ ఆలోచన చేసినవాళ్లు ఎప్పుడో ఒక రాత్రి పిల్లను జోకొట్టి, మంచం మీద పడుకోబెట్టి, కిర్రుమనే తలుపును ఊపిరి బిగబట్టి మూసినవాళ్లే అయివుంటారు.

ఇంత చేసినా నలభయ్యో నిమిషంలో పాప కళ్లు తెరుస్తుంది. ఇంకో ఇరవై నిమిషాల స్కాన్ మిగిలే ఉంటుంది. అలాంటప్పుడు "మరో పది నిమిషాలు చూద్దామా" అని తల్లి వైపు ఆశగా చూడకూడదు. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేయవచ్చని ఆవిడకు రాసి ఇచ్చాం. మన ముఖంలో నిరాశ కనబడితే ఆవిడ మొహమాటపడుతుంది. మొహమాటంతో ఇచ్చిన అనుమతి అనుమతి కాదు. చాలా సాయంత్రాలు వట్టి చేతులతో ఇంటికి వెళ్తారు. నాలుగు నుంచి ఆరు నెలల పిల్లలు మెలకువగా ఉండి ముఖాలనూ దృశ్యాలనూ చూస్తున్నప్పుడు వాళ్ల మెదడును పరీక్షించిన ఎంఐటీ బృందం 2017లో ఫలితాలు ప్రచురించింది. 17 మంది పిల్లలను స్కాన్ చేస్తే, పనికొచ్చేంత సమాచారం 9 మంది దగ్గరే దొరికింది. ఈ రంగంలో అది తలదించుకోవలసిన లెక్క కాదు. మీ ఉద్యోగంలో ఫైళ్లు వరుసగా వచ్చి పడుతుంటాయి. ఇక్కడ ఒక్కో ఫైలు వెనక ఒక మధ్యాహ్నం ఉంటుంది.

హాని సంగతి. ఎమ్మారైలో ఎక్స్‌రే, సీటీ స్కాన్లలో ఉండే కిరణాలు ఉండవు. ఉండేది అయస్కాంతం, రేడియో తరంగాలు. మామూలుగా వాడే 3 టెస్లాల అయస్కాంతం భూమి అయస్కాంత బలానికి దాదాపు 60,000 రెట్లు. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఆ అయస్కాంతం దగ్గర భయపడవలసినది ఒంట్లోని కణాలకు ఏదో అవుతుందని కాదు, ఎవరో జేబులో మరిచిపోయిన కత్తెరకు. ఇనుము ఉన్న వస్తువు ఏదైనా ఆ గదిలో యంత్రం వైపు బాణంలా దూసుకుపోతుంది. అందుకే ఆ తనిఖీ, అందుకే ఆ మొలతాడు గొడవ. రేడియో తరంగాల వల్ల ఒళ్లు కొద్దిగా వేడెక్కవచ్చు. దానికి పరిమితులున్నాయి, యంత్రమే వాటిని దాటనివ్వదు. చప్పుడు సంగతి పైన చెప్పాను. పరిశోధన స్కాన్‌లో రంగు మందు ఎక్కించరు. పాప కాలికి ఆక్సిజన్, నాడి చూపించే చిన్న దీపం కట్టి ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని శిక్షణ ఉన్న మనిషి గదిలోనే ఉంటారు. ఇవన్నీ సరిగా పాటించే చోట అమ్మమ్మగారు భయపడవలసినది లేదు. పాటిస్తున్నారా లేదా అన్నది మీరు కళ్లారా చూసుకోవాలి.

నాన్నగారి ప్రశ్న కష్టమైనది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి.

ఆయన "తలకాయల ఫొటోలు" అన్నారు కదా. పుట్టిన పాప మెదడు మొదటి ఏడాదిలో రెట్టింపు అవుతుంది. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు 98 మంది పిల్లలను కొలిచి 2008లో చెప్పిన లెక్క ప్రకారం మొదటి ఏడాది పెరుగుదల 101 శాతం, రెండో ఏడాది 15 శాతం. పుట్టాక మనిషి జీవితంలో మరెప్పుడూ మెదడు ఇంత వేగంగా మారదు. ఆ ఏడాదిలో ఏమి జరుగుతోందో బతికున్న పిల్లల్లో, తలకు గాయం చేయకుండా చూడడం చాలాకాలం మనిషికి చేతకాలేదు. 2002లో పారిస్‌లో గిస్లెన్ డెహాన్-లాంబెర్ట్స్ బృందం రెండు మూడు నెలల పిల్లలకు మాటలు వినిపిస్తూ ఎమ్మారై తీసింది. మామూలు మాట, అదే మాటను వెనక్కి తిప్పినది. ఇంకా ఒక్క పదం కూడా పలకని ఆ పిల్లల్లో మెదడు ఎడమ భాగం, పెద్దవాళ్లలో భాషను పట్టుకునే చోటే, అప్పటికే పని చేస్తోంది. ఊ కొట్టడం కూడా రాని పాపతో మన ముసలమ్మలు గంటలకొద్దీ కబుర్లు చెబుతారే, అది వృథా కాదన్నమాట.

మీ వృత్తికి దగ్గరి సంగతి ఒకటి. పెద్దవాళ్ల ఎమ్మారైలో నాడీకణాలుండే బూడిదరంగు పదార్థం, వాటిని కలిపే తీగలుండే తెల్ల పదార్థం విడివిడిగా తెలుస్తాయి. పుట్టిన పాపలో ఆ రంగులు తలకిందులుగా ఉంటాయి. నరాల తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఇంకా పట్టలేదు కనుక, తెల్లగా కనబడవలసినది నల్లగా ఉంటుంది. క్రమంగా రంగులు మారుతూ వచ్చి ఆరు నెలల ప్రాంతంలో రెండూ ఒకటే రంగులో కలిసిపోతాయి. గీత ఎక్కడో కంటికి ఆనదు. మీరు ఇప్పుడు రాస్తున్న సాఫ్ట్‌వేర్‌ను ఆ చిత్రం మీద నడిపించి చూడండి, చేతులెత్తేస్తుంది. ఉత్తర కరోలినా వాళ్లే 2017లో ఆరు నెలల పిల్లల చిత్రాల్లో ఆ రెంటినీ విడదీయడం మీద ఐసెగ్ అని ఒక పోటీ పెట్టారు, ప్రపంచం నలుమూలల నుంచి జట్లు కుస్తీ పట్టాయి. ఇది చదువుతుంటే మీకు చేతులు దురదపెడితే సగం జవాబు దొరికినట్లే.

అయినా నాన్నగారు "అయితే ఎవరికి లాభం" అనే అంటారు. ఆయనకు ఒక కథ చెప్పండి. పుట్టేటప్పుడు ఊపిరాడక మెదడుకు ఆక్సిజన్ అందని బిడ్డలను 72 గంటలపాటు 33, 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లగా ఉంచితే మెదడు దెబ్బతినడం తగ్గుతుందని ధనిక దేశాల్లో తేలింది. బ్రిటన్ ముందుండి నడిపిన టోబీ అనే పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. చల్లబరిచిన పిల్లల మెదడులో గాయాలు తక్కువగా ఉన్నాయని ఎమ్మారై చిత్రాలు కూడా చెప్పాయి. అక్కడ అది మామూలు చికిత్స అయిపోయింది. మరి ఇక్కడ? భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 ఆసుపత్రుల్లో 408 మంది శిశువులతో హెలిక్స్ అనే పరీక్ష జరిగింది. 2021లో వచ్చిన ఫలితం చూసి చాలామంది కుర్చీల్లోంచి లేచారు. చల్లబరచడం వల్ల మేలు కనబడలేదు సరికదా, చనిపోయినవాళ్లు ఆ వైపే ఎక్కువ. చల్లబరిచినవాళ్లలో 42 శాతం, చల్లబరచనివాళ్లలో 31 శాతం. ఇక్కడి పిల్లల ఎమ్మారైలో దెబ్బ పడిన చోటు, తీరు కూడా వేరుగా కనిపించాయి. దెబ్బ కాన్పు గదిలో కాక, అంతకు ముందునుంచే మెల్లగా తగులుతూ ఉండవచ్చన్నది పరిశోధకుల అనుమానం. లండన్ బిడ్డకు పనికొచ్చినది మన బిడ్డకు పనికిరాకపోవచ్చు, కీడు కూడా చేయవచ్చు. ఆ తేడా ఎందుకో తెలుసుకోవడానికి ఇక్కడి పిల్లల మెదడు చదవగలిగినవాళ్లు కావాలి. ఆయన అడిగిన లాభం అది. జీతం సంగతికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. స్కాలర్‌షిప్పు మీ ఇప్పటి జీతంతో తూగదు.

ఇక మిమ్మల్ని కొంచెం భయపెట్టాలి. ఈ పనిలో అసలు ప్రమాదం పిల్లలకు కాదు, మన నోటికి.

2012లో మా రంగం నెత్తిన బండ పడింది. పిల్లలు ఎదిగేకొద్దీ మెదడులో దగ్గరి భాగాల మధ్య సంబంధాలు తగ్గుతాయని, దూరపు భాగాల మధ్య పెరుగుతాయని అప్పటికి ఎన్నో పత్రాలు చెప్పి ఉన్నాయి. చూడముచ్చటైన సిద్ధాంతం. తీరా అమెరికాలో మూడు బృందాలు విడివిడిగా లెక్కలు తీసి చూస్తే, అందులో కొంత భాగం తల కదలడం వల్ల వచ్చిన భ్రమ అని తేలింది. యంత్రంలో తల అర మిల్లీమీటరు కదిలినా దగ్గరి సంబంధాలు లేనివి ఉన్నట్లు, దూరపువి ఉన్నవి లేనట్లు కనబడతాయి. చిన్నపిల్లలు పెద్దవాళ్లకన్నా ఎక్కువ కదులుతారు. అంటే మనం మెదడు ఎదుగుదల అనుకుని కొలిచినదాంట్లో కొంత వట్టి కుదురులేనితనం. ఆ ఏడాది నేను నా పాత లెక్కలన్నీ తిరగదోడాను. ఎంతో ఇష్టపడి రాసుకున్న ఒక ఫలితం చేతిలోనే కరిగిపోయింది. దాన్ని ప్రచురణకు పంపలేదు. రెండేళ్ల పని. ఏడవలేదని చెప్పను.

పదేళ్ల తరువాత 2022లో నేచర్ పత్రికలో ఇంకో దెబ్బ. పిల్లల తెలివితేటలకో స్వభావానికో మెదడు చిత్రంతో ముడిపెట్టాలంటే ఇరవై ముప్పై మంది చాలరు, వేలమంది కావాలని తేల్చారు. అందుకు వాడుకున్నది, అమెరికాలో 9, 10 ఏళ్ల వయసులో చేర్చుకున్న 11,800 మందికి పైగా పిల్లల సమాచారంతో సహా పెద్ద పెద్ద భాండాగారాలను. కాబట్టి "మీ పాప మెదడు స్కాన్ చూసి డాక్టరవుతుందో ఇంజనీరవుతుందో చెబుతాం" అనే మనిషి ఎప్పుడైనా ఎదురైతే, చిలక జోస్యం చెప్పేవాడే నయమని నా ఉద్దేశం. అతను కనీసం చిలకకు గింజలు పెడతాడు.

ఆటిజం సంగతీ అలాంటిదే. 2017లో అమెరికా బృందం ఒకటి, అప్పటికే ఆటిజం ఉన్న అన్నో అక్కో ఉన్న 106 మంది పసిపిల్లలను ఆరో నెలలో, ఏడాదికి స్కాన్ చేసి, రెండేళ్ల వయసులో ఎవరికి ఆటిజం తేలుతుందో చాలావరకు ముందే పసిగట్టగలిగింది. గొప్ప పని. కానీ ఆ 106 మందిలో చివరికి ఆటిజం తేలినవాళ్లు 15 మంది. అంత చిన్న గుంపు మీద వచ్చిన లెక్కను, తోబుట్టువులలో ఎవరికీ ఆటిజం లేని మామూలు ఇంటి పాపకు అంటగట్టకూడదు. ఇంటికి తిరిగి వచ్చినప్పుడు బంధువులు మిమ్మల్ని ఇదే అడుగుతారు, "మా బాబుకు స్కాన్ తీయించమంటావా" అని. బాబు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడం లేదా, మాటలు రావడం లేదా, అయితే పిల్లల డాక్టరుకు చూపించమనండి, స్కాన్‌కు కాదు.

నా తప్పు ఒకటి చెబుతాను. నాలుగో ఏడాదిలో ఉన్నాను. అరుదుగా దొరికే అదృష్టం, ఒక బాబు గంటసేపు కదలకుండా నిద్రపోయాడు. తెర మీద చిత్రం అద్దంలా ఉంది. ఆ సంబరంలో బయటికి వచ్చి తల్లితో "చాలా బాగా వచ్చిందండీ" అన్నాను. నేను అన్నది చిత్రం గురించి. ఆవిడ విన్నది బిడ్డ గురించి. రెండు వారాల తరువాత ఆ చిత్రం చూసిన రేడియాలజిస్టు, ఒక చిన్న రక్తపు చారను మళ్లీ చూడాలని రాశాడు. సాధారణ కాన్పుల్లో పుట్టిన పిల్లల్లో కొందరికి అలాంటి చారలు ఉంటాయి, ఏ లక్షణమూ లేకుండా నెలల్లో వాటంతట అవే పోతాయి. ఆ బాబుకూ పోయింది. కానీ ఆ మధ్య రోజుల్లో ఆవిడ ఫోను చేసి "మీరు బాగుందన్నారు కదా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. ఆ రోజు నుంచి స్కాన్ గది బయట నేను "బాబు చాలాసేపు పడుకున్నాడు, థాంక్స్" అంటాను. అంతకుమించి ఒక్క మాట అనను. చిత్రం బాగుందో లేదో కూడా చెప్పను. తల్లి ముఖం మన ముఖాన్ని చదువుతూ ఉంటుంది. మనం సాఫ్ట్‌వేర్ మనుషులం, తెర మీద ఏముందో పైకి అనేయడం మనకు అలవాటు. మీరు మానుకోవలసినది పిల్లల ఏడుపుకు భయపడడాన్ని కాదు, దీన్ని.

చదువు అయ్యాక ఏమిటన్నది కూడా నాన్నగారి మనసులో ఉండే ఉంటుంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భారతీయుల మెదడుకు ప్రత్యేకంగా పటం తయారుచేశారు, పాశ్చాత్యుల పటంతో పోలిస్తే మన కొలతలు తక్కువని తేలింది. బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఆరేళ్ల వయసు నుంచి వేర్వేరు వయసులకు అలాంటి నమూనాలు చేశారు. అదే నిమ్హాన్స్ ముందుండి నడిపిన సీవేదా అనే అధ్యయనంలో 6 నుంచి 23 ఏళ్ల వాళ్లు దాదాపు 9,000 మంది చేరారు. దాని ఏడు కేంద్రాల్లో ఒకటి మన రిషివ్యాలీ. మదనపల్లె దగ్గరి పల్లెల పిల్లలు ఆ లెక్కల్లో ఉన్నారు. ఎమ్మారై లేని చోట్ల కూడా పని జరుగుతోంది. చిన్న టోపీ పెట్టి, తల లోపలికి పరారుణ కాంతి పంపి, మెదడు పైపొరల్లో రక్తం ఆక్సిజన్ ఎక్కడ పెరిగిందో చూసే పద్ధతి ఒకటి ఉంది. పాప తల్లి ఒళ్లో కూర్చునే ఉండవచ్చు. ఆఫ్రికాలో గాంబియాలోని పల్లెలో, ఉత్తరప్రదేశ్‌లోని శివ్‌గఢ్‌లో ఆ టోపీలతో పిల్లల మెదడు చూశారు. మన జిల్లాల్లో ఎవరైనా మొదలుపెట్టాలంటే ఆ టోపీ పట్టుకున్న మనిషికి తెలుగులో జోకొట్టడం రావాలి. ఇది సరదాకు అనడం లేదు.

నెలాఖరులోగా మీరు చేయవలసిన పని చెబుతాను. సీటు ఇచ్చిన ప్రొఫెసర్‌కు ఉత్తరం రాయండి. గత ఏడాది ఎంతమంది పిల్లలను స్కాన్‌కు పిలిచారు, ఎంతమందిది పనికొచ్చిందని సూటిగా అడగండి. ఆ సంఖ్య చెప్పడానికి నీళ్లు నమిలితే జాగ్రత్తపడండి. "సగం కూడా రాలేదు, ఎందుకంటే" అని మొదలుపెట్టి మూడు పేజీలు రాస్తే, కళ్లు మూసుకుని వెళ్లండి, ఆ మనిషి దగ్గర మీరు నేర్చుకుంటారు. చిత్రాల్లో అనుకోనిది ఏదైనా కనబడితే తల్లిదండ్రులకు ఎవరు చెబుతారు, ఎన్ని రోజుల్లో చెబుతారు అని అడగండి. సమాచారం చివరికి అందరికీ తెరిచి ఇస్తారా అని అడగండి. నేను పైన చెప్పిన లండన్ ప్రాజెక్టు దాదాపు 780 మంది నవజాత శిశువుల చిత్రాలను పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచింది. మీరు అనుమతి తీసుకుని ఈ వారాంతంలోనే దించుకుని చూడవచ్చు. పది మంది పిల్లల చిత్రాలు తెరిచి, ఒక్కోదాని ముందు అరగంట కూర్చోండి. విసుగు పుడితే ఉద్యోగంలోనే ఉండండి, అందులో తప్పు లేదు. టైము తెలియకపోతే నాకు మళ్లీ రాయనక్కర్లేదు.

అమ్మమ్మగారి దగ్గర మాత్రం వాదించకండి. ఒక పాత మెత్తటి చీర తీసుకుని ఆవిడ ముందు పరిచి, పొత్తిళ్లు చుట్టడం నేర్పమని అడగండి. బొమ్మ లేకపోతే దిండు చాలు. ఒక మూల మడిచి మెడ కిందికి, కుడి చెంగు చంక కిందుగా వెనక్కి, అడుగు చెంగు పైకి, ఎడమది చుట్టూ తిప్పి బిగించాలి. తుంటి దగ్గర మాత్రం వదులుగా ఉండాలి, కాళ్లు ముడుచుకోవడానికి చోటు కావాలి. ఈ చివరి సంగతి నాకు ఆ నర్సు చెప్పింది. మీ అమ్మమ్మగారికి ముందే తెలిసి ఉంటుంది.